హారన్ లేని కాంటెస్సా

మారేడ్‌పల్లి. డ్రైవర్ ఐలయ్య
టార్పాలిన్ లాగితే మూడు కార్లు,
ఆయన లేని నాలుగేళ్ల దుమ్ము.
"హార్మోనియం గది చూస్తవా?" అన్నాడు.
తర్వాత.

ముందు కాంటెస్సా –
నాచారంలో మా షెడ్డుకి ఒక్కసారి వచ్చిన బండి.
నాకప్పుడు పదకొండేళ్లు, అద్దం తుడిచాను.
లోపల ఆయన ఏదో కూనిరాగంలో ఉండి
నన్ను చూడలేదు.

వెనక సీటు, ఎడమవైపు,
ఆయన బరువుకి కుంగిన చోటు.
అక్కడ కూర్చోలేక పక్కకు జరిగాను.

దిగి, కిటికీలోంచి హారన్ నొక్కాను.
చప్పుడు లేదు.
"శ్రుతి తప్పుతుందని ఎవరో మెకానిక్‌తోని
వైరు పీకించిండు సారు."

ఎవరో.
మా నాన్న. ఒక్కనాడూ చెప్పలేదు.

"మరి ట్రాఫిక్‌లో?"
"ఆగేటోళ్లం."

తిరుగు బస్సులో తార్నాక దాకా ఒకటే హారన్లు.
ఇయర్‌ఫోన్ జేబులోనే ఉంచి
ఏది ఏ స్వరమో
వెతుక్కుంటూ కూర్చున్నాను.