పళ్లెం విసిరే సీను

ఏడున్నరకి కరెంటు పోకపోతే చాలు,
రొయ్యలు వలిచిన చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని
సీరియల్ ముందు కూలబడతాను.
ఆ కోడలు మూడేళ్లుగా ఏడుస్తోంది,
కాటుక ఒక్కరోజూ కరగలేదు.
బావగారికి జ్ఞాపకం పోయింది గానీ
పగ మాత్రం తేదీలతో సహా గుర్తుంది.
మొగుడు అన్నం పళ్లెం మళ్లీ విసిరాడు.
ఆ మెతుకులు ఎవరు ఏరారో
ఎప్పుడైనా చూపించారా?

సినిమాలూ అంతే.
భీమిలి ఇసుకలో పాట తీస్తారు,
ఉప్పుగాలికి ఆ పిల్ల జుట్టు జిగటెక్కదు.
మా హార్బరు తెరమీద కనబడిందంటే
అర్ధరాత్రి, పొగమంచు, దొంగసరుకు.
నాలుగింటికే లేచి ఐసుగడ్డ పగలగొట్టే
అసిరయ్య కేక ఏ మైకుకీ అందలేదు.
మా యాసేమో పనిమనిషికి.
"ఏటి సేత్తాం" అంటే చాలు, హాలంతా నవ్వు.
నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

మొన్నాదివారం నూకరత్నం లాక్కుపోతే
జగదాంబ దగ్గర ఒకటి చూశాం.
పాటల్లేవు, జనమూ లేరు,
ముందు వరసలో ఎవడిదో గురక.
అందులో ఒకావిడ
షేరాటో దిగబోతూ చిల్లర లెక్కపెట్టుకుంది.
రూపాయి తక్కువ.
మళ్లీ లెక్కపెట్టింది.
అంతే.
కెమెరా తొందరపడలేదు, వయొలిన్ ఏడవలేదు.

"ఇదేటి సినిమా, డబ్బులు దండగ"
అంది నూకరత్నం బయటికొచ్చి.
నేనేం మాట్లాడలేదు.
తిరుగు ఆటోలో, పాత పోస్టాఫీసు మలుపు దగ్గర,
కొంగుముడి విప్పి పైసలు ఏరుకుంటుంటే
ఎవరో చూస్తున్నట్టే అనిపించి
ముఖం సరిచేసుకున్నాను.