ఏడిదాంక వచ్చింది

దురద గాదు.
ముందుగాల ఇది చెప్పాలె, అందరు దురదే అంటరు గనుక.
దురదైతే గోకితే పోతది.
ఇది గోకితే పక్కకు జరుగుతది,
జరిగి, నేను చెయ్యి తీసేదాంక ఆగి,
మళ్ల అదే తొవ్వ పడతది.

రాత్రి రెండున్నరకు ఎడమకాలు చీలమండ కాడ మొదలు.
సన్నగ, ఆరు కాళ్లతోని,
తొందర లేని మనిషి అంగడికి పోయినట్టు
పిక్క మీదికెల్లి పైకి.
లైటేస్త. ఏం లేదు.
నా కాలు, నా వెంట్రుకలు, సాక్సు ఒత్తుకున్న అచ్చు.

సజ్జాల లాండ్రీ మాది.
పదకొండు హోటళ్ల దుప్పట్లు మా చేతుల మీదికెల్లి పోతయ్.
ట్యూబ్‌లైట్ కింద పరిచి చూసుడు నా పని.
ఒక్క వెంట్రుక, సూదిమొనంత నల్లచుక్క
కనవడ్డా పక్కకు తీస్త.
తొమ్మిదేండ్ల సంది నా కన్ను తప్పించుకున్నది లేదని
సూపర్‌వైజర్ ఇఫ్తికారే అంటడు.
గసొంటి కన్నుతోని నా తోలు ఎతికిన.
జానెడు జానెడు ఎతికిన.
దుప్పటైతే పాస్ చేసేటోన్ని.

రూంల అందరు నల్లులన్నరు.
శుక్రారం మంచాలన్ని బయటేసి మందు కొట్టినం,
ఇనుప సందులల్ల మసిలే నీళ్లు పోసినం.
జూన్ల ఈడ నీళ్లు కాగవెట్టే పని లేదు, నల్ల తిప్పితే చాలు.
నల్లులు పోయినయ్.
నా కాలు మీది ప్రయాణం పోలేదు.
గప్పటిసంది రాజలింగు తన మంచం గోడ దిక్కు జరుపుకున్నడు.
ఏమనలేదు. జరుపుకున్నడు.

సెల్లో టేపు అంటిచ్చి పట్టిన.
మూడు రాత్రులయి అగ్గిపెట్టెల దాచి క్లినిక్‌కు తీస్కపోయిన.
డాక్టరమ్మ శోశమ్మ భూతద్దం పెట్టి చూసింది.
నవ్వలేదు, గది నాకు యాదికున్నది.
"నూలుపోగులు" అన్నది. "మీ దుప్పట్లయి."
రక్తం తీసింది. షుగర్ లేదు. అన్ని మంచిగనే ఉన్నయట.
మంచిగనే ఉన్నయంటె నాకు ఏడుపొచ్చింది.
"పురుగు లేదు. కని నీకు పారుడు అబద్ధం కాదు" అన్నది.
గోలీలు రాసింది, చాయ తగ్గియ్యమన్నది.
ఆ మాట కూడ చీటీ మీద రాసిస్తే
రాజలింగుకు చూపెట్టేటోన్ని.

చీమ కుట్టినట్టన్న లేదు అంటరు,
దేనికీ లెక్కజెయ్యని మనిషిని.
కుట్టని చీమకు లేచి కూసునేటోన్ని
ఏమంటరో.

సుగుణకు చాన రోజులు చెప్పలేదు.
దిష్టి అంటది, తాయత్తంటది అనుకున్న.
ఫోన్ల, బీడీలు చుట్టుకుంటనే ఇన్నది.
ఆకు కత్తిరించే చప్పుడు ఆగింది.
"నాకు వేళ్ల కొసలకైతది" అన్నది.
"పండుకున్నంక. తంబాకు పొడి పారినట్టు.
పెండ్లి గాకముందు సంది."
పదహారేండ్ల కాపురం. నాకు తెల్వదు.
"మరేం జేస్తవ్?"
"ఏం జేస్త, పిల్ల వీపు మీద చెయ్యేసి పంట."

నాకీడ ఎవలి వీపున్నది.
తడి తువ్వాల ఏసీ ముంగట సల్లవెట్టి పిక్కకు చుట్టుకుంట.
గోర్లు మొదలంట కత్తిరించిన.
బాల్‌పెన్నుతోని మోకాలు కింద గీత గీస్త,
ఈడిదాంకనే నీ హద్దు అని.
కొన్ని రాత్రులు ఆగుతది.
కొన్ని రాత్రులు గీత మీద నిలవడి, మీసాలు దువ్వుకొని, దాటుతది.
అప్పుడు దుప్పట్లు లెక్కవెడత, కట్టకు ఇరవై.
పన్నెండు కట్టలకు నిద్రొస్తె మంచి రాత్రి.

పై మంచం తిల్‌బహదూర్‌ది.
మొదట్ల లైటేస్తే తిట్టేటోడు.
ఇప్పుడు లైటేస్తలేను, అయినా
ఇనుప మంచం కిర్రుమంటే తెలుస్తదాయనకు.
చీకట్లకెల్లి హిందీల అడుగుతడు,
బస్సు గురించి అడిగినట్టు:
"ఏడిదాంక వచ్చింది?"
"మోకాలు."
"టికెట్ కొట్టిందా?"
"కొట్టలేదు."
"మరి దింపెయ్" అంటడు,
అటు మర్లి గురక పెడతడు.

నాలుగున్నరకు కంపెనీ బస్సు హారన్ కొడతది.
సాక్సులేసుకుంట.
ఎడమ కాలిది మాత్రం మెల్లగ గుంజుత,
ఏమో,
లోపట ఎవలన్న ఉన్నరేమో.