డెబ్బై మూడు దగ్గర

తువ్వాల్లో చుట్టుకొని తెచ్చింది నాగూరమ్మ,
జొరమొచ్చిన బిడ్డని తెచ్చినట్టే.
తర్లుపాడు రోడ్డులో ముందుగది తలుపు తీసిపెట్టి
పావుగంటకి పది రూపాయల లెక్కన
పిల్లకాయల్ని ఆడించే డబ్బా అది.
"దిష్టి కూడా తీశాన్రా సైదులూ.
దీపం వెలుగుద్ది, ఊపిరి ఆడతా ఉంది, మాటే లేదు."

వెనకాల నలుగురు పిల్లకాయలు.
సాక్షులు.
"ఏం చేస్తా ఉంటే ఆగింది?"
"మేమేం చెయ్యలా అన్నా, అదే అడిగింది
కొత్తది ఎక్కించుకోనా అని. ఊఁ అన్నాం.
డెబ్బై మూడు దాకా పొయ్యింది.
అప్పుడు ఎదురింటోళ్లు బోరు మోటారేశారు."

సగం రోగం అక్కడే దొరికింది.
మిగతా సగం మా అమ్మ చెప్పాల.
ముప్పయ్యేళ్లు పలకల ఫ్యాక్టరీలో
చట్రాలకి మేకులు కొట్టిన మనిషి,
మంచి రాయిని కూడా వెలుతురుకి పట్టి
నెర్రె కోసం వెతికే మనిషి.
నేను ఎక్కాలు సగం తుడిచి ఆటకి పరిగెత్తితే
"రాసిందన్నా ఉంచు, మొత్తమన్నా తుడువు,
ఈ నడిమధ్య బూడిదని ఎవరు చదవాల్రా?" అనేది.

డబ్బాకి జరిగింది అదే.
పాత అక్షరాలు పొయ్యాయి, కొత్తవి దిగలా.
ఎవరి మాట విని లేవాలో
దానికి తెలీడం లేదు.

మీట నొక్కి పట్టుకున్నా.
ఒక కూత. ఏడు దాకా లెక్కపెట్టా. రెండో కూత.
నల్లటి తెర మీద తెల్లటి వరసలు లేచాయి.
బతికుందని తొందరపడి నాగూరమ్మకి చెప్పలా.
మొదటి పెన్‌డ్రైవ్‌ని ఎవరు నువ్వంది.
రెండోదాన్ని ఖాళీ చేసి, ఫోల్డరుకి పెద్దక్షరాల పేరు పెట్టి
గుచ్చితే, ఫైలు చెడిందంది.
చెడింది ఫైలు కాదు, నా నెట్టు.
మళ్లీ దించా, ఈసారి చిన్నది కాదు, మొత్తం ఫైలు.
టీ రెండుసార్లొచ్చింది.
పిల్లకాయలు అన్నాలకి కూడా కదల్లా.

అప్పుడు ఆఖరి వరస అడిగింది:
అంతా తుడిచి ఎక్కించనా?

మాలకొండయ్యంట, పదకొండేళ్లుంటాయి,
అంతసేపూ నోరు విప్పనోడు ముందుకొచ్చాడు.
"మా జట్టు కూడా పోద్దా?"
పోద్ది.
మూడు నెలలు, చిల్లరకి చిల్లర చేర్చి
పావుగంటలు అతికించి కట్టుకున్న జట్టు.
గోల్‌కీపరుకి తప్పిపోయిన కుక్క పేరు పెట్టాడంట.
ఏ డబ్బాకైనా సామాను తెప్పించగలను.
దీనికి సామాను ఏ ఊళ్లో అమ్ముతారు?
నాగూరమ్మ నా మొహం చూసింది, నేను స్క్రూడ్రైవరు చూశా.
వాడు గోడపక్కకి పోయి కాసేపు నిలబడి
"తుడువన్నా" అన్నాడు.

నా యూపీఎస్ బ్యాటరీ ఎండలకి ఉబ్బిపొయ్యింది,
అరనిమిషం కూడా ఆగదు.
నలుగుర్నీ నాలుగు దిక్కులకి పంపింది నాగూరమ్మ:
ఇరవై నిమిషాలు ఎవురూ మోటారెయ్యొద్దని.
మే నెల్లో, మార్కాపురంలో,
ఆ మాట అడగడమూ అప్పడగడమూ ఒకటే.
ఎట్టా అడిగారో, ఏం చెప్పారో,
వీధి వీధంతా ఖాళీ బిందెల పక్కన నిలబడింది.
పిండిమర ఆగింది.
కటింగు షాపు సుబ్బరాయుడు మిషన్ ఆపేసి
సగం గడ్డమున్న మనిషిని కూడా వెంటబెట్టుకొని
చూడ్డానికొచ్చాడు.

డెబ్బై ఒకటి. డెబ్బై రెండు.
డెబ్బై మూడు దగ్గర
ఆగింది. చాలాసేపు.
నాగూరమ్మ తువ్వాలు కొస నోట్లో పెట్టుకుంది.
ఎవరికో దగ్గొచ్చి, మింగేశారు.

డెబ్బై నాలుగు.

తర్వాత సంగతి పెద్దగా ఏం లేదు.
నీ భాషేందని అడిగింది డబ్బా.
పై నుంచి కింద దాకా జరిపాం, మనది లేదు.
ఏదో ఒకటి నొక్కాం.
బయట మోటార్లన్నీ ఒక్కసారే లేచి
బల్బు మసకేసి, మళ్లీ తేరుకుంది.
"ఎంతియ్యాల్రా?" అంటా ఉంది నాగూరమ్మ.
మాలకొండయ్య చేతులు చొక్కాకి తుడుచుకొని కూచున్నాడు.
ఒక్కో అక్షరం వెతికి వెతికి,
గోల్‌కీపరు దగ్గర మొదలుపెట్టాడు.