తిట్లకు లేచేది

కుతాయిసీలో మూడో రోజూ వానే.
సియాలా తన కళ్లద్దాల కొట్టు నుంచి
తువ్వాల్లో చుట్టి తెచ్చిన మదర్‌బోర్డును
నుగ్జార్ బల్ల మీద విప్పాడు, వేడి రొట్టెను విప్పినట్టు.

ప్రాసెసర్ పక్కన వరసగా ఆరు కెపాసిటర్లు.
నెత్తిన గీతలు చీలి, గోధుమరంగు జిగురు కారి,
జలుబు చేసిన పిల్లల ముక్కుల్లా.
"ఎన్నాళ్లుగా మొరాయిస్తోంది?"
"రెండు చలికాలాలుగా. తిడితే లేచేది.
నిన్న తిట్టినా లేవలేదు."

అద్దాలు అరగదీసే యంత్రం ఈ బోర్డు మాటే వింటుంది.
కొత్త కంప్యూటర్లంటే దానికి గిట్టదు.

ముందు కాగితం మీద పటం గీశాడు.
కొన్ని బోర్డుల్లో తెల్ల సగం మైనస్,
కొన్నింట్లో ప్లస్.
"ఒకసారి గుర్తుందిలే అనుకున్నాను," అని
పైకప్పు మీది మచ్చ చూపించాడు.

నా పని టార్చి పట్టడం.
టంకం కరిగింది. పాత కాలు
ఊగే పన్నులా ఊడొచ్చింది.
ఎర్తు వైపుది మాత్రం వేడంతా తాగేసి
బిగుసుకు కూచుంది.
అప్పుడే కరెంటు పోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.
సియాలా అక్రోట్లు పగలగొట్టి పెట్టింది.

ఆరోది అతికేసరికి దీపాల వేళ.
నుగ్జార్ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి,
మళ్లీ పెట్టుకున్నాడు.
ఎడమ అద్దం మందం.
పోయినేడు ఆ యంత్రమే అరగదీసింది,
ఇంకా తిట్లకు లేచే రోజుల్లో.

మీట నొక్కాడు.
బీప్. ఒక్కటే.
సియాలా అయినా ఒక తిట్టు తిట్టింది,
మెల్లగా,
అలవాటు తప్పకూడదని.