తల వంచే చోటు

కుతాయిసీలో రియోని వంతెన దిగగానే
వీధికంటే నాలుగు మెట్లు కిందికి
మఖ్వాల రొట్టెల కొట్టు.
కిటికీలోంచి మనుషులు కనిపించరు,
బూట్లు కనిపిస్తాయి.
నేను మొదటిసారి దిగింది జనవరిలో,
ఎడమ బూటుకి లేసు లేకుండా.

ఆమె ఏమీ అడగలేదు.
నా దవడ వంక ఒకసారి చూసి
పిండి బస్తా చూపించింది.
"జల్లించు. ఉండలుంటే మళ్ళీ జల్లించు."

తోనె అంటే
నేలలో దించిన మట్టి గాబు.
అడుగున ద్రాక్ష మోళ్ళ నిప్పులు.
రొట్టె దాని లోపలి గోడకి అంటాలంటే
నడుం దాకా వంగాలి,
తల ముందు వెళ్ళాలి.

మిగతా పనంతా వారంలో వచ్చేసింది:
ముద్దని పడవలా సాగదీయడం,
ఉప్పునీళ్ళు గోడ మీద చిలకరించి
చిటపటని బట్టి వేడి కనిపెట్టడం.
వంగడం రాలేదు.
అంచు దాకా వెళ్ళేదాన్ని,
మెడ కొయ్యబారిపోయేది.

నాకు తెలిసిన గాబు ఇంకొకటి.
వాన నీళ్ళ కోసం మా పెరట్లో పెట్టింది.
నా జుట్టు అతని పిడికిట్లో.
నీళ్ళ కింద లెక్కపెట్టుకునేదాన్ని,
ఒకటి, రెండు, మూడు...
పంతొమ్మిది తర్వాత
ఆ లెక్కలో అంకెల్లేవు.

తల వంచుకుని కాపురం చేసుకోమంది మేనత్త లామ్‌జీరా.
తల ఎత్తుకుని బతకమంది
నా కాగితాలు రాసిపెట్టిన ఆఫీసమ్మాయి.
ఇద్దరూ నా మంచి కోరినవాళ్ళే.
ఆ తల నాదని మాత్రం
ఇద్దరికీ తోచలేదు.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున
మెట్ల మీద మంచుకి జారి
మఖ్వాల మణికట్టు విరగ్గొట్టుకుంది.
కట్టు కట్టించుకుని వచ్చేసరికి
పిండి పొంగి తొట్టి దాటుతోంది.
కిటికీ నిండా బూట్లు.
అన్నిటికంటే ముందు తారాసి తాతవి,
మడమ దగ్గర అతుకు వేసినవి.

"ఊపిరి బిగబట్టకు" అంది పీట మీద కూర్చుని.
"బిగబడితే లోపల కావాల్సి వస్తుంది,
అప్పుడు పీల్చేది నిప్పునే.
వంగేముందే వదిలెయ్."
తర్వాత, ఎవరితోనో అన్నట్టు,
"గేలా పోయిన ఏడాది నేర్చుకున్నాను నేను.
కనుబొమలు అప్పటినుంచీ లేవు."
గేలా ఎవరని నేనడగలేదు.
నా దవడ సంగతి తను అడిగిందా?

జుట్టు నేనే పోగుచేసి
గుడ్డలో బిగించి కట్టుకున్నాను.
ముడి వేస్తుంటే వేళ్ళు వణికాయి.
వణికితే వణకనీ అనుకున్నాను,
పది వేళ్ళూ నావే కదా.

మొదటి రొట్టె బూడిదలో పడింది.
రెండోది కూడా.
మూడోసారి ఊపిరి వదిలి వంగాను.
చెవులు ముందు కాలాయి.
లోపల ఎర్రగా ఉంది, చాలా నిశ్శబ్దంగా ఉంది.
వీపు మీద ఎవరి చెయ్యీ లేదు.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను,
నాలుగు దగ్గరే పని అయిపోయింది.
పైకి లేచాను.

ఎవరూ లేపలేదు, అదీ సంగతి.
నేనే వంగాను, నేనే లేచాను.
మళ్ళీ వంగాను.
ఆ పొద్దున నూట ముప్ఫై సార్లు.

మొట్టమొదటి రొట్టె పట్టుకుని
తారాసి తాత వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.
"వంకరగా ఉందే."
"వంకరే. తీసుకో" అన్నాను.
ఒక మగవాడికి అంత పెద్ద గొంతుతో
నేను బదులు చెప్పడం విని
నేనే తలుపు వంక చూశాను, ఎవరొస్తారోనని.
ముసలాయన చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు,
రొట్టె కోటు లోపల దోపుకున్నాడు,
మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అయిపోయిందని చెప్పను.
ఇప్పటికీ తలస్నానం చెంబుతోనే,
కొంచెం కొంచెంగా, కళ్ళు తెరిచే.
ముంజేతి మీద కాలిన గీతలు పదకొండు.
అవన్నీ నా పనిలో నాకు తగిలినవి,
అందుకే చేతులు పైకి మడిచే తిరుగుతాను.

బూడిదలో పడ్డ రెండూ
దులిపి, వెన్నముద్దతో మేమిద్దరం తిన్నాం.
పళ్ళ కింద కరకరలాడింది.
మఖ్వాల కట్టున్న చేత్తోనే
నా ముక్కు మీద మసి తుడవబోయి
ఇంకాస్త పూసింది.