కాన్సుల్ గురించి రెండో కాగితం

ఫ్రిజ్‌లో, వెన్న పెట్టే అర కింద,
చెక్కపెట్టెలో ఎండుటాకుల మధ్య
కాన్సుల్ నిద్రపోతున్నాడు.
అయిదు డిగ్రీలు. బాగా పెరిగితే మేలుకుంటాడు,
బాగా తగ్గితే ఇక మేలుకోడు.
తలుపు మీద చీటీ అంటించాను:
"స్విచ్ తీయకండి. లోపల ప్రాణం ఉంది."
మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడు
అది చదివి నన్ను అదోలా చూశాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు హాలె ఊళ్ళో ట్రామ్ నడిపాను.
దిగేటప్పుడు బండి అప్పజెప్పడం నాకు తెలుసు:
ఎడమ తలుపు పట్టేస్తోంది, బ్రేకు కాస్త మెత్తన,
సంతకం, ఇంటికి.
ఇది అలా కాదు.
ఎక్కేవాడి మొహం చూడకుండా
దిగిపోవాల్సిన స్టాపు.

పశువుల డాక్టరమ్మ డిప్ప మీద వేలితో తట్టి
"ఇంకో నలభై ఏళ్ళు ఢోకా లేదు" అంది,
శుభవార్త చెప్పినట్టు.
నాకు డెబ్బై ఎనిమిది.
లెక్కల్లో ఎప్పుడూ మొద్దునే గానీ
ఈ తీసివేత మాత్రం వచ్చు.

కాసెల్ నుంచి మేనల్లుడు, "జూ వాళ్ళు తీసుకోరా?"
ఎర్డ్‌ముటె నేనున్నాగా అంది. దానికి ఎనభై ఒకటి.
మా ఇద్దరి నూకలూ ఒక చేటలో పోసినా
తాబేలు నడకకి చాలవు.

చివరికి కింద వాటాలో
సైకిళ్ళు బాగుచేసే యోరిన్ దొరికాడు.
పందొమ్మిదేళ్ళు, గోళ్ళ నిండా గ్రీజు.
మొత్తం విని ఒక్కటే అడిగాడు:
"ఆ ఫ్రిజ్‌లో బీరు కూడా పెట్టుకోవచ్చా?"
పెట్టుకో నాయనా.
రోజూ తలుపు తీస్తావు, వాడికి గాలి ఆడుతుంది.

అందుకే ఈ కాగితం.
వారానికోసారి తూకం. పదోవంతు తగ్గితే లేపెయ్.
మార్చిలో గోరువెచ్చని నీళ్ళు, గడ్డం తడిసేంత, అంతే.
టొమాటో కోసం మెడ చాపుతాడు, కరిగిపోకు.
ఎర్ర మేజోళ్ళు వేసుకుంటే బొటనవేలు నీది కాదు.

మడిచి సొరుగులో పెట్టబోతే
అడుగున ఇంకో కాగితం తగిలింది.
పెన్సిల్ రాత, సగం వెలిసింది. ట్రాట్‌వైన్ గారిది.
"కీరదోసకాయ ముట్టడు.
ఉరిమినా బెదరడు, తలుపు చప్పుడుకి లోపలికి పోతాడు.
పై వాటా అమ్మాయి తలుపు మెల్లగా వేస్తుంది.
ఆమెకివ్వండి."

ఆ అమ్మాయిని నేనే. అప్పుడు నాకు ముప్పై ఏడు.
దిక్కులేని జీవాన్ని జాలిపడి తెచ్చుకున్నానని
నలభై ఒక్కేళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాను.
ఆవిడ ఎన్ని రాత్రులు మేలుకుని
నా ఆఖరి ట్రామ్ అయ్యాక
గొళ్ళెం పడే చప్పుడు కోసం చెవి ఒగ్గిందో.

ఆమె వాక్యం పక్కన నా పెన్నుతో రాశాను:
కీర ఇప్పుడు తింటాడు. పాడుచేసింది నేనే.

కింద యోరిన్ తలుపు దబ్బున వేశాడు.
గ్లాసులు అదిరాయి.
నేర్పాలి.
ఇంకా నవంబరే కదా.