నూరుని నలుగురికి

ఫారం చాలా చిన్నది.
నాలుగు పేర్లు, నాలుగు ఖాళీ గళ్లు,
కింద ఒక్క వాక్యం:
మీ జట్టు సభ్యులకు నూరు పాయింట్లు పంచండి.
గడువు రాత్రి పన్నెండు.

వాల్దివియాలో వాన. ఇక్కడ అది వార్త కాదు.
జూలై అంతా మా లాబ్ కిటికీల మీద
నది నిలువుగా పారుతుంది.

మార్చిలో ప్రొఫెసర్ చీటీలు తీసి కలిపిన ఐదుగురం.
చేపల మార్కెట్లో డోన్యా ఓర్తెన్సియా దుకాణానికి
అరువు లెక్కల యాప్ కట్టాలి.
ఆవిడ పుస్తకం చూశాం ఫోటోలో:
తడికి ఉబ్బిన అట్ట, పొలుసులంటిన అంకెలు.
దీనికి పదహారు వారాలెందుకు అనుకున్నాం.

బెనిగ్నో చేతికి కీబోర్డు దొరికితే
తెల్లారేలోగా మూడు వేల లైన్లు.
చదివేవాళ్లకి మాత్రం తెల్లారదు.

యాస్నా గోడ నిండా పసుపు చీటీలు అంటించింది,
చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి.
జిగురారి ఒకటి రాత్రి రాలిపోతే
ఊడ్చే ఆయన పాపం, ఖాళీ ఎక్కడుంటే అక్కడ అంటించాడు.
రెండ్రోజులు మేమంతా
లాగిన్ పూర్తయిందనే నమ్మాం.

మే నెలలో రెండు కొమ్మల్ని కలిపాం,
మిల్లారాయ్‌ది ఒకటి, బెనిగ్నోది ఒకటి.
తొమ్మిది వేల పెసోల బాకీ
పద్దెనిమిది వేలై కూర్చుంది.
తప్పెవరిదంటే తిలాపాపం తలా పిడికెడు.
ఆ పిడికెడు కూడా ఎవరూ తీసుకోలేదు.

ఇక నాహుయెల్.
సెమిస్టర్ మొత్తమ్మీద లాగ్‌లో అతనిది ఒక్క లైను,
నా అక్షరదోషం దిద్దింది.
శనివారాలు రమ్మంటే రాడు.
మార్కెట్లో రబ్బరు ఏప్రన్ కట్టుకుని
పొలుసు తీస్తూ, పేగులు సముద్ర సింహాలకి విసురుతూ
కనిపించాడని యాస్నా చెప్పింది.
"అవసరాల సేకరణ" అని పేరుపెట్టి నవ్వుకున్నాం.

జూన్‌లో ఓ సాయంత్రం తడిసి ముద్దయి వచ్చి
తలుపు దగ్గరే నిలబడి అన్నాడు:
"ఆవిడ పేజీలు చింపేస్తుంది."
ఏ పేజీలు?
"పడవ తిరిగి రానివాళ్లవి. పని పోయినవాళ్లవి.
ఒక్కోసారి ఊరికే.
చింపి, అందులోనే చేప చుట్టి
వాళ్లింటికి పంపుతుంది."

మా పట్టికలో
చేర్చడముంది, దిద్దడముంది, వెతకడముంది.
చెరపడం లేదు.
లెక్కల్లో ఏదీ చెరపకూడదని మూడో వారం పాఠం.
రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తామని బెనిగ్నో అరిచాడు.
చూపించకపోవడమే ఆవిడక్కావాలి, అన్నాడు నాహుయెల్,
గొంతు పెంచకుండా.

ఆ రాత్రే మిల్లారాయ్ బటన్ రాసింది.
దాని మీద ఏం పేరు పెట్టాలి? రద్దు? మాఫీ? చెల్లు?
నాహుయెల్ వెళ్లి అడిగొచ్చాడు.
ఏమీ రాయొద్దందట.
పక్కన నిలబడ్డవాళ్లు చదువుతారు కదా అందట.

డెమో రోజు
పేరులేని బటనేమిటని రెండు మార్కులు కోశారు.
మేం వివరించలేదు. ఎందుకో
బెనిగ్నో కూడా నోరు మెదపలేదు.

ఇప్పుడీ గళ్లు.
తలా పాతిక వేసి నిద్రపోవచ్చు,
చాలామంది అదే చేస్తారు.
లాగ్‌నడిగితే నాహుయెల్‌కి సున్నా, మహా అయితే ఒకటి.
బెనిగ్నోకి ముప్ఫై. మిల్లారాయ్‌కి ఇరవై ఎనిమిది.
యాస్నాకి పదిహేను, ఆ చీటీలు లేకపోతే ఏమైపోయేవాళ్లమో.
నాహుయెల్‌కి ఇరవై ఎనిమిది
రాసేసరికి నూటొకటి.
ఫారం ఎర్రబడింది.

ఎవరి దగ్గర ఆ ఒక్కటీ లాక్కోను?

నన్ను నలుగురూ ఎంతకి తూచారో తెలీదు.
స్లైడ్లు నావి. ఆ పుస్తకం ఫోటో కూడా
నాహుయెల్ పంపితేనే అతికించాను.
మార్కెట్ మా హాస్టల్‌కి ఇరవై నిమిషాల నడక.
పదహారు వారాల్లో
నేనొక్కసారీ వెళ్లలేదు.

పదకొండూ నలభై తొమ్మిది.
కిటికీలో నది ఇంకా నిలువుగానే ఉంది.